ఎడమచేతి గ్లౌజు

రాత్రి పదకొండున్నరకి
బల్లమీద ఫోను బోర్లాపడ్డ పురుగులా గిరగిరా తిరిగింది.
"బగ్షా, మావాడి ఎడమచేతి గ్లౌజు కనపడట్లేదు. నీలంది.
మీరేమైనా చూశారా?"

బగ్షా అంటే టీచరుగారూ అని.
ఊలాన్‌బాతర్ ఉత్తరాన, ఈ పొగ కమ్మిన కొండవాలులో
ఆ పిలుపు తగలకుండా రొట్టె కూడా కొనుక్కోలేను.

నాకో పేరుంది. ఖోంగొర్‌జుల్.
గడ్డిమైదానంలో పూసే ముళ్లపువ్వు పేరు,
మా అమ్మ ఏరికోరి పెట్టింది.
జీతం రోజున రిజిస్టర్లో చూసుకుంటాను దాన్ని,
ఇంకెవరిదో అనుకుని దాటేయబోయి.

మా బడికి రోజుకి మూడుసార్లు తెల్లారుతుంది.
మొదటి షిఫ్టు పిల్లలు లేచిన బెంచీల మీద
వెచ్చదనం ఆరకముందే రెండో షిఫ్టు కూర్చుంటుంది.
మధ్యలో పది నిమిషాలు.
ఆ పదిలోనే ఉప్పుటీ, ఆ పదిలోనే బాత్రూం,
ఆ పదిలోనే ముక్కులోంచి రక్తం కారుతూ బిల్గూన్,
ఆ పదిలోనే డిప్యూటీ మేడమ్:
"గురువారం ఇన్‌స్పెక్షన్, గుర్తుందిగా?"
టీ చివరికెప్పుడో నోటికందుతుంది, మీగడ కట్టి.

గొంతు పోయి తొమ్మిది రోజులు.
డాక్టరమ్మ టార్చి వేసి చూసి
"రెండు వారాలు మాట్లాడకండి" అంది.
నవ్వాను. ఆ నవ్వుకీ చప్పుడు లేదు.
నలభై ఆరుమంది, ఎనిమిదేళ్ల వాళ్లు.
ఏడో ఎక్కం ఎలా చెప్పను, కనుబొమ్మలతోనా?
కనుబొమ్మలతోనే చెప్పాను.
ఏడు ఆర్ల దాకా లాక్కొచ్చాను.

పొద్దున ఆఫీసు నుంచి సర్వే వచ్చింది.
"గత వారంలో మీరు ఎంత ఒత్తిడికి లోనయ్యారు?
ఒకటి నుంచి ఐదులోపు ఒక అంకె ఎంచుకోండి.
రాత్రి పదింటిలోగా పంపనివారి పేర్లు పైకి వెళతాయి."
పంపలేదు.
వెళ్లే ఉంటుంది నా పేరు, పైకి.
దాన్ని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్లేవాళ్లున్నారు, సంతోషం.

కోటింకా విప్పలేదు.
పొయ్యిలో బొగ్గుముద్ద రాజుకునేదాకా విప్పను.
జవాబు టైపు చేశాను:
"అమ్మా, నేను గ్లౌజుల కాపలాదారుని కాదు."
చెరిపేశాను.
"రేపు చూస్తాను."
చెరిపేశాను. రేపు మైనస్ ముప్పై ఒకటట.

ఆ తల్లిని ఎరుగుదును. దుల్మా.
ఫ్యాక్టరీలో మేకబొచ్చులోంచి ముళ్లూ మట్టీ ఏరుతుంది.
తల్లిదండ్రుల మీటింగులో మాట మధ్యలో నిద్రపోతే
చూడనట్టు నేను బోర్డు వైపు తిరిగాను.
పదకొండుకి ఇల్లు చేరి, పడుకున్న పిల్లాడి బట్టలు తడిమి
ఒక గ్లౌజు తక్కువని తేల్చుకోవడానికి
ఆమెకున్న గంట ఇదొక్కటే.
ఇది అర్థమైనంత మాత్రాన నా అలసట తగ్గలేదు.
కోపానికి మాత్రం చోటు లేకుండా పోయింది,
దాన్నెక్కడ దింపుకోవాలో తెలియలేదు.

జేబులో చెయ్యి పెట్టుకున్నాను.
మెత్తగా ఏదో తగిలింది.
సాయంత్రం గేటు దగ్గర మంచులోంచి తీసి
ఎవరిదోలే అని వేసుకున్నది.
నీలంది. బొటనవేలి దగ్గర ఎర్రదారం కుట్టు.
ఇంటిదాకా నా రెండు వేళ్లు
అందులోనే దాక్కుని వచ్చాయన్నమాట.

"ఉంది" అని పంపాను.
అటునుంచి చేతులు జోడించిన బొమ్మలు మూడు.
వాటి వెనకే ఇంకో తల్లి:
"బగ్షా, మేలుకునే ఉన్నారా? రేపటి హోంవర్కేమిటి?"

ఫోను బోర్లించాను.

మంచం మీద నా కూతురు గోడవైపు నుంచి ఇటు తిరిగి
నిద్రలో పిలిచింది.
అమ్మా అని కాదు, బగ్షా అని.
వాళ్ల బడి కలలోకొచ్చిందేమో, వాళ్ల టీచరేమో.
ఊఁ అన్నాను.
ఊపిరి వచ్చింది. మాట రాలేదు.